స్పీకరుకి పూతరేకు

రేడియో స్పీకరుకి పూతరేకు అతికించిన మనిషిని మీరెప్పుడైనా చూసేరా? చూడకపోతే చూడండి, మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాను. నవ్వండి, ఫరవాలేదు. మా వీధి వీధంతా నవ్వేసేక మీరొక్కరూ ఆగడం ఎందుకు? కాకపోతే ఆ రేకు పుణ్యమా అని మా ఆవిడ సుగుణ పాట మానేసింది. అది మాత్రం నవ్వులాట కాదు. మొదట్నుంచీ చెప్తాను, వినండి.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్నని మీకు తెలుసు. మా ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. మా చర్చిలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆవిడే. ఆవిడ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆవిడకి జొరమొచ్చిన ఆదివారం మా ఆరాధన పావుగంట ముందే అయిపోతుంది. శ్రుతి ఎవరికీ దొరక్క సగం చరణాలు వదిలేస్తారు.

ఆవిడకి చెప్పకుండా రేడియో స్టేషన్‌కి అప్లికేషన్ పెట్టింది నేనే. ఆడిషన్‌కి రమ్మన్నారు, వెళ్ళింది, నెగ్గింది. రెండు నెలల తర్వాత రికార్డింగుకి రమ్మన్నారు. ఇద్దరం బస్సెక్కి విజయవాడ వెళ్ళేం. లలితగీతం ఒకటి పాడించుకుని, "అయిపోయిందమ్మా, వెళ్ళచ్చు" అన్నారు.

"ఒక్కసారి వినిపిస్తారాండి?" అని అడిగింది సుగుణ.

బయట బల్ల మీద ఇంకా ఆరుగురు కూర్చుని ఉన్నారు, వీణతో ఒకాయనా, మద్దెలతో ఒకాయనా. ఆఫీసరుగారు వాళ్ళవైపు చూసి, "ప్రసారం రోజున వినండమ్మా" అన్నారు.

వచ్చేటప్పుడు బస్సు రావులపాలెం దాటేక సుగుణ అంది, "ఏవండీ, నా గొంతు నేనెప్పుడూ వినలేదండి."

"రోజూ పాడుతూనే ఉంటావు కదా."

"అది నాకు లోపల్నుంచి వినపడేదండి. బయట మీకందరికీ ఎలా వినపడుతుందో నాకేం తెలుసు?"

లెక్కల మాస్టార్ని అయ్యుండి ఈ ముక్క నాకెప్పుడూ తట్టలేదు. మా ఊరికి టేపురికార్డరు ఒకే ఒక్కసారి వచ్చింది. కువైట్ నుంచి సెలవుకి వచ్చినాయన తెచ్చేడు. సెలవైపోయేక దాన్ని చంకలో పెట్టుకునే వెళ్ళిపోయేడు. కాబట్టి సుగుణ గొంతు సుగుణకి వినపడే దారి ఒక్కటే ఉంది, మా రేడియో. అది కూడా ఒక్కసారే. ఫలానా ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ప్రసారం అని కార్డు వచ్చింది. ఆ ఐదు నిమిషాలూ పోతే మళ్ళీ ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో దేవుడికే తెలియాలి.

ఇక్కడ నేను మొదటి తప్పు చేసేను. పిలుపులకి బయల్దేరేను.

మా వైపు పద్ధతి మీకు తెలుసుగా. ఇంట్లో విశేషం ఉంటే ప్రతి గడపకీ వెళ్ళి, "మీరు తప్పకుండా రావాలండి" అనాలి. వాళ్ళు "ఆయ్, రాకుండా ఎలా ఉంటామండి" అనాలి. అన్నాక రావాలి, రాకపోతే మర్యాద కాదు. నేను ఒక్క గడప కూడా వదల్లేదు. మా వీధిలో మాది కాక ఇంకో మూడు ఇళ్ళల్లో రేడియోలున్నాయి. ఆ మూడిళ్ళకీ వెళ్ళి మరీ పిలిచేను. "మా ఇంట్లో రేడియో వినడానికి రండి" అని రేడియో ఉన్నవాళ్ళని పిలిచిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. వాళ్ళు కూడా ఎంతో సంతోషంగా, "ఆయ్, అందరం వస్తామండి" అన్నారు.

సరే, ఇంకా వారం ఉంది. సుగుణ చెల్లెలికి పురుడొచ్చిందని మలికిపురం నుంచి కబురొస్తే, ఆవిడ స్కూలుకి సెలవు పెట్టి వెళ్ళింది. శనివారానికి వచ్చేస్తానంది. ఇంట్లో నేనూ, రేడియో మిగిలేం.

ఆ రేడియోకి ఏ జబ్బూ లేదండి. అది గుర్తుపెట్టుకోండి. చెక్కపెట్టె, కరెంటుది, ముందు జల్లెడలాంటి గుడ్డ. తొమ్మిదేళ్ళ నుంచి మా ఇంట్లో నాకంటే స్పష్టంగా మాట్లాడుతోంది. కానీ నేనొకటి చెప్పాలి. మా ఇంట్లో గొడుగు ఊచ దగ్గర్నుంచి కిరసనాయిలు స్టవ్ దాకా ఏది పాడైనా నేనే బాగుచేస్తాను. షాపుకి ఇవ్వడం నాకు నామోషీ. బాగుచేసేక స్టవ్ ఒకవైపే మండుతుంది, గొడుగు ఒకసారి తెరిస్తే మళ్ళీ ముడుచుకోదు. అది వేరే సంగతి. బాగుచెయ్యడానికి ఇంట్లో ఏదీ లేకపోతే నాకు చెయ్యి ఊరుకోదు. అంత ముఖ్యమైన రోజుకి రేడియోలో దుమ్ము ఉండకూడదు కదా అనిపించింది.

సోమవారం సాయంత్రం వైరు పీకి, వెనక అట్ట విప్పేను. దుమ్ము ఉన్న మాట నిజమే. పాత చొక్కా గుడ్డతో తుడిచేను. లోపల స్పీకరు ఉంది. ఇనుప చట్రంలో నల్లటి కాగితంతో చేసిన గిన్నెలా ఉంటుంది, గొంతు పలికేది ఆ కాగితమే. దాని చట్రం మరలు కాస్త వదులుగా ఉన్నట్టు అనిపించి స్క్రూడ్రైవరు పెట్టి బిగించేను. అదసలు బిగింపు అక్కర్లేని మర. స్క్రూడ్రైవరు జారి, కాగితంలోంచి దూసుకెళ్ళి, ముందున్న జల్లెడ గుడ్డకి తగిలి ఆగింది.

చప్పుడు చిన్నదే. పర్ర్ మంది. నా వేలంత చీలిక.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, ఇక్కడ కొండనాలుక కూడా బాగానే ఉంది. వైరు పెట్టి ఆన్ చేస్తే వార్తలు చదివే ఆయన పక్కన ఎవరో కూర్చుని చేట చెరుగుతున్నట్టు ఉంది.

మర్నాడు స్కూలు నుంచి అమలాపురం వెళ్ళి, రేడియో షాపులో ఎవరికోసమో అడుగుతున్నట్టు అడిగేను. "కొత్త స్పీకరు వెయ్యాలండి" అన్నాడు. ధర చెప్పేడు. నెల చివరి వారం. ఆ ధర విన్నాక నాలో ఉన్న మెకానిక్కుకి ఎక్కళ్ళేని ధైర్యం వచ్చింది. కాగితమే కదా చిరిగింది, అతికిస్తే సరిపోదా?

మొదట నోటుబుక్కు కాగితం ముక్క, మైదాపిండి ఉడకబెట్టి, అతికించేను. ఆరేక పెడితే రేడియోకి పడిశం పట్టింది. ప్రతి మాటా ముక్కులోంచి వస్తోంది. కాగితం దళసరి అయిపోయిందని అర్థమైంది. పీకేను. పీకేటప్పుడు చీలిక ఇంకో అంగుళం పెరిగింది.

పల్చగా ఉండాలి. కాగితం కంటే పల్చగా, తేలిగ్గా ఉండాలి. అంత పల్చటి వస్తువు ఏముంటుందా అని బుధవారం అంతా ఆలోచించేను. పదో తరగతికి క్షేత్రగణితం చెప్తూ కూడా ఆలోచించేను. సాయంత్రం ఇంటికొస్తుంటే పక్కింటి వెంకాయమ్మగారు వాళ్ళ పెరట్లో బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం. వరిపిండి జావలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్కసారి లాగేసరికి, రేకు పొరలా విడిచి వచ్చేసింది. అవతల ఉన్న ఆవిడ చెయ్యి కనపడుతోంది అందులోంచి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పిన్నిగారూ, రెండు రేకులు ఇప్పిస్తారాండి?"

"రెండేంటండి మాస్టారండీ, పంచదారా నెయ్యీ పెట్టి చుట్టి ఇస్తాను, ఉండండి."

"వద్దండి, ఉత్తవే చాలండి."

ఆవిడ నా మొహంలోకి చూసేరు. ఎందుకని అడగలేదు. అడగడం మర్యాద కాదు. ఒక విస్తరాకులో పెట్టి ఇచ్చేరు.

తుమ్మజిగురు పెట్టి అతికించేను. ఎండలో ఆరబెట్టేను. వార్తలు పెడితే ప్రతి మాటకీ ఎవరో అప్పడం నములుతున్న చప్పుడు. ఎండిన రేకు పెళుసు కదండి, కదిలినప్పుడల్లా పరపరమంటోంది. మళ్ళీ వెంకాయమ్మగారి గుమ్మం ఎక్కేను.

"పిన్నిగారూ, రేకు విరక్కుండా ఏం చేస్తారండి?"

"తడిగుడ్డ మీద వేస్తామండి. మెత్తబడుతుంది. ఆపైన నెయ్యి రాస్తాం."

ఇంటికొచ్చి తడిగుడ్డ అద్దేను. నెయ్యి రాసేను. రెండో రేకు కూడా దాని మీద వేసి, దానికీ అద్దేను, దానికీ రాసేను. ఒకటి మంచిదైతే రెండు రెట్టింపు మంచిది కదా, అది నా లెక్క. ఇల్లంతా కమ్మటి వాసన. శుక్రవారం వార్తలు పెడితే చప్పుడు లేదు. ఆయన గొంతు మెత్తగా, నున్నగా వచ్చింది. నాకు కళ్ళంట నీళ్ళొక్కటే తక్కువ.

అయినా లెక్కల మాస్టారు సరిచూసుకోకుండా ఉండడు. ఎదురింటి సత్యంగార్ని పిలిచేను. కొబ్బరికాయల వ్యాపారం చేసి మానేసిన పెద్దాయన, మా వీధికి పెద్ద దిక్కు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఎలా ఉందండి బాబాయిగారూ?" అని అడిగేను.

ఆయన తల పంకించి, "ఆయ్, చాలా బాగుందండి" అన్నారు.

"గరగర ఏమైనా వినపడుతోందాండి?"

"అబ్బెబ్బే. కొంచెం ఉన్నా అదో అందమండి."

ఈ మాటకి నేను అప్పుడే జాగ్రత్త పడాల్సింది. మా వీధిలో నేను కాపరం పెట్టి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఎవరూ ఎవర్నీ మొహాన బాలేదని అనడం నేను వినలేదు. ఉప్పు కషాయం లాంటి చారు పోసినా "ఆయ్, రుచి అదిరిందండి" అని రెండోసారి పోయించుకుంటారు. అలాంటి మనిషిని కూర్చోబెట్టి రిపేరు పరీక్ష చేయించేను.

శనివారం సాయంత్రం సుగుణ వచ్చింది. బుట్ట కింద పెట్టగానే, "ఏవండీ, ఓసారి రేడియో పెట్టండి" అంది.

"వోల్టేజి తక్కువగా ఉంది. రేపటికి రేడియోని అలసిపోనివ్వకూడదు" అన్నాను. పెళ్ళయ్యేక ఆవిడతో ఇంత పచ్చి అబద్ధం ఆడటం అదే మొదలు. ఆవిడ నమ్మింది. ఇల్లు నెయ్యి వాసన వస్తోందేంటని అడిగితే ఉప్మా చేసుకున్నానన్నాను. అది రెండో అబద్ధం.

ఆదివారం పొద్దున్న వాన పట్టుకుంది. ఆరాధన అయ్యేక చర్చి బల్లలు నాలుగు మా అరుగు మీదికి చేరేయి. ఒంటిగంట నుంచీ జనం రావడం మొదలు. ముప్పై మంది పైనే. రేడియోలున్న మూడిళ్ళవాళ్ళూ తలుపులు తాళాలేసుకుని పిల్లాజెల్లాతో వచ్చేరు. సుగుణ పసుప్పచ్చ పట్టుచీర కట్టుకుని గుమ్మం పక్కన పీట మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా పట్టుకుని కూర్చుంది. పరీక్ష ఫలితాలు చదివేటప్పుడు పిల్లలు అలా కూర్చుంటారు.

రేడియో పెట్టేను. అనౌన్సరమ్మ గొంతు తేటగా వచ్చింది. పాట పేరు చెప్పింది, రాసినాయన పేరు చెప్పింది, తర్వాత సుగుణ పేరు చెప్పింది. అందరూ ఒక్కసారి సుగుణ వైపు తిరిగేరు. ఆవిడ తల దించేసుకుంది.

వెనక బల్ల మీంచి ఎవరో, "మాస్టారండీ, కాస్త పెంచుతారాండి, వాన చప్పుడుకి వినపట్టంలేదు" అన్నారు.

పెంచేను. చివరిదాకా పెంచేను.

సుగుణ గొంతు మొదటి మాట పలికిందో లేదో, లోపల రేకు లేచింది. జోరీగ సీసాలో పడ్డట్టు ఝుయ్ మని ఒకటే మోత. పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా గొంతు రెండుగా చీలి, ఒకటి మేకలాగా, ఒకటి తుమ్ముతున్నట్టుగా వస్తోంది. కంగారుగా తగ్గించేను. ఏం లాభం? వానగాలికి నాని, నెయ్యికి జారి, రేకు అప్పటికే ఒకవైపు ఊడింది. తగ్గిస్తే చిన్నమేక, పెంచితే పెద్దమేక. ఐదు నిమిషాలు. నా జీవితంలో అంత పొడుగైన ఐదు నిమిషాలు లేవు. చివరి పల్లవి దగ్గర టప్ మని ఏదో ఊడి, రేడియో మొత్తానికే మూగబోయింది.

వాన చప్పుడొక్కటే ఉంది.

మొదట సత్యంగారు గొంతు సవరించుకుని, "ఆయ్... చాలా బాగుందండి" అన్నారు. దాంతో అందరికీ దారి దొరికింది. "చాలా బాగుందండి", "ఆయ్, ఎంతో బాగుందండి" అని బల్లబల్లకీ పాకింది. ఓ పెద్దావిడ సుగుణ చెయ్యి పట్టుకుని, "అచ్చం నీ గొంతేనమ్మా" అంది పాపం, ప్రేమగా.

సుగుణ మొహం చూసేను. తెల్లగా పాలిపోయి ఉంది. అనౌన్సరమ్మ గొంతు ఎంత బాగా వచ్చిందో ఆవిడ చెవులారా వింది. తర్వాత తన గొంతు వింది. మధ్యలో నేను చెయ్యి పెట్టింది ఆవిడకి తెలీదు. బయట అందరికీ నా గొంతు ఇలా వినపడుతుందన్నమాట అని ఆవిడ అనుకుంటోందని నాకు అర్థమైపోయింది.

పరువు తర్వాత చూసుకోవచ్చనుకుని లేచి నిలబడ్డాను. "అండీ, అది మా ఆవిడ గొంతు కాదండి. స్పీకరు నేను చింపేసేను. పూతరేకు పెట్టి అతికించేను. తప్పంతా నా రిపేరుదండి" అన్నాను.

మీరు చెప్పండి, దీనికి వాళ్ళేమనాలి? అవునంటే నా రిపేరు బాలేదన్నట్టు. కాదంటే సుగుణ గొంతు బాలేదన్నట్టు. మావాళ్ళు అంత మాట ఎవర్ని అనగలరు? ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరూ కలిసి సత్యంగారి వైపు చూసేరు.

ఆయన బాగా ఆలోచించేరు. "రిపేరూ బాగుందండి. అమ్మాయి గొంతూ బాగుందండి. ఆ పాట రాసినాయనెవరోనండి, ఆయనే అలా రాసుంటాడు" అన్నారు.

"ఆయ్, అంతేనండి" అన్నారు అందరూ, బరువు దిగినట్టు.

ఆ రోజు సాయంత్రం సుగుణతో మళ్ళీ చెప్పేను. స్క్రూడ్రైవరు జారడం దగ్గర్నుంచి నెయ్యి దాకా పూసగుచ్చినట్టు చెప్పేను. ఆవిడ చీర మడతపెట్టుకుంటూ అంతా వింది.

"మీరు నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నారండి."

"నిజం సుగుణా. కావాలంటే వెంకాయమ్మగార్ని అడుగు."

"ఆవిడేమంటారో నాకు తెలుసండి. ఇన్నేళ్ళూ చర్చిలో అందరూ బాగుంది బాగుంది అంటే నిజమే అనుకున్నాను. మన ఊళ్ళో ఎవరు ఏది బాలేదన్నారు గనక? మీరు రిపేరు చేసిన గొడుగుని కూడా బాగుందనే అన్నారు."

ఏడిచి ఉంటే ఏదో ఓదార్చేవాణ్ణి. ఏడవలేదు. తర్వాతి ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, నోరు మూసుకుని నిలబడింది. ఆ పై ఆదివారం కూడా అంతే. పాట ఎవరెత్తుకోవాలో తెలీక అందరూ దగ్గుతూ నిలబడ్డారు. నాకు నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. ఇంట్లో వంట చేసుకుంటూ కూనిరాగం తీసే మనిషి, గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. తొమ్మిదేళ్ళూ నేను పట్టించుకోని రాగం లేకపోయేసరికి ఇల్లు నన్ను నిలవనివ్వలేదు.

మాటలతో పనవదని తేలిపోయింది. నిరూపణ కావాలి. లెక్కల మాస్టారికి ఇది చేతనైన పనే. అదే స్పీకరుకి, అవే రేకులు, అదే జిగురు, అదే నెయ్యి పెట్టి, అచ్చం అలాగే మళ్ళీ అతికిస్తాను. మధ్యాహ్నం పాటల్లో ఏ గొప్ప గాయని పాడుతున్నా సరే, పెద్దగా పెడతాను. ఆవిడ గొంతు కూడా మేక గొంతు అయిపోతుంది. అప్పుడు సుగుణ నమ్మక ఏం చేస్తుంది? బాగున్నదాన్ని పాడుచేసిన చెయ్యి, పాడైనదాన్ని పాడుగా ఉంచలేదా?

శనివారం ఒంటిపూట బడి. రేడియో నడవలోకి తెచ్చి విప్పేను. ఊడింది స్పీకరు తీగ. మెలిపెట్టేను, పలికింది. పాత రేకు, నెయ్యి, జిగురు అంతా గీకేసేను. వెంకాయమ్మగార్ని అడిగితే రేకులు ఆవిడే స్వయంగా పట్టుకొచ్చి కూర్చున్నారు. సుగుణ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చూడను అని చెప్పి చూస్తోంది.

"ఇదిగో చూడు, ఆ రోజు ఇలా జిగురు పూసేను" అని మందంగా పూసేను. "ఇలా రేకు వేసేను" అని రేకు తీసుకున్నాను. కంగారులో రేకు మడతపడింది. వేళ్ళతో లాగి సరిచెయ్యబోయేను.

వెంకాయమ్మగారు అప్పటిదాకా చేతులు కట్టుకుని ఊరుకున్నారు. ఇంక ఆవిడ వల్ల కాలేదు. "అయ్యో, అలా నలిపేస్తే ఎలాగండి? ఇలా తెండి" అని స్పీకరు ఒళ్ళోకి లాక్కున్నారు.

"వద్దండి పిన్నిగారూ, పాడైపోవాలండి."

ఆవిడ విన్లేదు. నేను పూసిన జిగురు తడిగుడ్డతో తుడిచేసేరు. వేలికొసతో పల్చగా మళ్ళీ రాసేరు. కొత్త రేకు తీసి, చీలిక మేరకి మాత్రం చింపి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి వేసి వదిలేసేరు. రెండోది వెయ్యలేదు. నెయ్యి గిన్నె నేను అందిస్తుంటే పక్కకి జరిపేసేరు. కొంగుతో విసిరి ఆరబెట్టేరు. ఆవిడ చెయ్యి అది. దానికి పాడుచెయ్యడం తెలీదు.

ఒంటిగంటన్నర అయింది. దేవుడి మీద భారం వేసి రేడియో పెట్టేను. ఎవరో గాయని పాడుతోంది. పెంచేను. చివరిదాకా పెంచేను. గరగర లేదు, మేక లేదు. పైస్థాయికి వెళ్తే గొంతు గాజులా మోగింది. మా రేడియో కొత్తలో కూడా అంత బాగా పలకలేదు.

నా నిరూపణ మట్టిగొట్టుకుపోయింది. పూతరేకు పెట్టినా స్పీకరు బ్రహ్మాండంగా పలుకుతుందని ముప్పై అడుగుల దాకా వినపడేట్టు రుజువు చేసేను. ఇంక సుగుణ గొంతే తప్పన్నమాట. నేను రేడియో పక్కనే చతికిలబడ్డాను. కుడితిలో పడ్డ ఎలకలా ఉండుంటాను ఆ క్షణంలో.

సుగుణ చింతపండు పళ్ళెం కింద పెట్టి లేచి వచ్చింది. పాట అయ్యేదాకా నిలబడే వింది. రేడియో ఆపింది. వెంకాయమ్మగారి చేతికేసి చూసింది, నా చేతికేసి చూసింది. నా పదివేళ్ళకీ జిగురు, దానికి అంటుకుని రేకు ముక్కలు.

"పిన్నిగారూ, మీరు ఇంకేం అనుకోకండి. ఒక్కటి నిజం చెప్పండి. ఆ రోజు ఈయన అతికించింది ఎలా ఉందండి?"

వెంకాయమ్మగారు ఇబ్బంది పడ్డారు. నావైపు చూసేరు, గోడవైపు చూసేరు, విస్తరాకులో మిగిలిన రేకు వైపు చూసేరు. ఆ రేకుని చూసేసరికి ఆవిడకి కోపం వచ్చినట్టుంది. "ఇందాక మీరు గీకి పారేసింది చూసేనండి. రేకు మీద రేకు, పిండిముద్దలా. నా చేతి రేకుని అలా చేస్తారా ఎవరైనా? బాలేదండి" అన్నారు. విస్తరాకు మడిచేస్తూ, "అస్సలు బాలేదండి" అన్నారు.

మా వీధిలో ఒక మనిషి ఇంకో మనిషిని మొహాన బాలేదనడం అదే మొదటిసారి. అది నాకు దక్కింది. నమ్మండి నమ్మకపోండి, ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకంత సంతోషం లేదు.

సుగుణ నవ్వింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత గోడకి చేరబడి నవ్వింది. సాయంత్రం వంటింట్లోంచి కూనిరాగం వినపడింది. నేను వాకిట్లో కూర్చుని, వినపడుతున్నట్టు తెలియనివ్వకుండా విన్నాను.

మర్నాడు చర్చిలో పాట ఎత్తుకుంది. తన గొంతు మాత్రం తనింకా వినలేదు. ఆ పాట మళ్ళీ వెయ్యమని స్టేషన్‌కి నేను రాసిన కార్డు నిన్ననే పోస్టు చేసేను. చూడాలి.

ఆ రోజు ఆరాధన నుంచి ఇంటికొచ్చేసరికి సత్యంగారు నాకోసమే మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. "మాస్టారండీ, మా రేడియో నాలుగు రోజుల్నుంచి గరగరమంటోందండి. స్పీకరు చిరిగినట్టుందండి" అన్నారు.

ఎంత జరిగినా ఈయనకి నా మీద నమ్మకం పోలేదు కదా అనిపించింది. "దానిదేముంది బాబాయిగారూ" అని స్క్రూడ్రైవరు కోసం లోపలికి వెళ్ళబోయేను.

ఆయన వెనకాలే రెండడుగులు వచ్చి, ఎంతో మర్యాదగా అడిగేరు. "వెంకాయమ్మగారు ఇంట్లో ఉన్నారేమో, ఓసారి కనుక్కుని చెప్తారాండి?"